నలభై ఎనిమిది మూతలు

ఆ రోజుల్లో మా ఇంట్లో కొత్త వస్తువంటే కవరుతో ఉన్న వస్తువని అర్థం. టీవీ రిమోట్ పాలిథిన్ సంచిలో ఉండేది. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ వాళ్ళు అంటించిన ప్లాస్టిక్ పొర అంచులు లేచి, నల్లబడి, దానంతటదే ఊడిపోయేదాకా ఎవరూ దాన్ని ముట్టుకునేవాళ్ళు కాదు. బాపు కొన్న స్కూటర్ సీటుకి ఒక కవరు, ఆ కవరు పాడవకుండా దానిమీద పాత టవలు (ఆ టవలు మీద బాపు) ఉండేవి. కవరు తీసిన క్షణం నుంచే వస్తువుకి ముసలితనం మొదలవుతుందని మా అమ్మ గట్టి నమ్మకం. చాంద్రాయణగుట్టలో మా గల్లీలో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే వరస కాబట్టి, ఇందులో నవ్వాల్సిందేదో ఉందని నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా తెలియలేదు. తెలిసిన రోజు మాత్రం సగం పత్తర్‌గట్టి బజారుకి తెలిసేటట్టు తెలిసింది.

డిప్లొమా పూర్తిచేసి, ఏడాదిపాటు ఖాళీగా తిరిగి, చివరికి ఒక చిన్న కంపెనీలో చేరాను. బిల్డింగుల్లో ఫైర్ అలారాలు బిగించడం, తర్వాత మూడు నెలలకోసారి వెళ్ళి అవి పనిచేస్తున్నాయో లేదో చూడటం మా పని. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మా బాపు అప్పటికే డిపో అంతా నన్ను 'ఫైర్ ఇంజినీర్' చేసేశాడు. నిజానికి నేను ఏడాది ట్రయల్ మీద ఉన్న టెక్నీషియన్ని. ట్రయల్ వాళ్ళ మెడలో దారానికి కట్టిన కాగితం కార్డు వేలాడుతుంది. పర్మనెంట్ అయితే జేబు మీద మన పేరు కుట్టిన నీలం చొక్కా ఇస్తారు. ఆ చొక్కా కోసం అమ్మ బీరువాలో ఒక హ్యాంగర్ ఖాళీగా ఉంచింది. పండక్కి చుట్టాలొచ్చినప్పుడు బీరువా తీసి ఆ ఖాళీ హ్యాంగర్ని చూపించేది కూడా. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

నాకు పని నేర్పింది బీడీ ఉస్తాద్. స్మోక్ డిటెక్టర్‌ని పరీక్షించడానికి కంపెనీ పొగ స్ప్రే డబ్బాలు ఇచ్చేది. ఉస్తాద్ మాత్రం నిచ్చెనెక్కి, బీడీ ముట్టించి, డిటెక్టర్ మొహాన ఉఫ్‌మని ఊదేవాడు. అలారం మోగితే "జిందా ఉంది" అని దిగిపోయేవాడు. మీకు తెలియకపోతే చెబుతాను, డిటెక్టర్ అంటే పైకప్పుకి బోర్లించిన చిన్న గిన్నెలాంటి తెల్లటి వస్తువు. లోపలికి పొగ దూరితే పసిగట్టి కింద గోడకున్న ప్యానెల్‌కి చెబుతుంది, ప్యానెల్ హూటర్లు మోగిస్తుంది. బిల్డింగులో సిమెంటు పనీ రంగుల పనీ జరిగేటప్పుడు దుమ్ము దూరకుండా ఒక్కోదానికి నారింజరంగు ప్లాస్టిక్ మూత తొడిగి వస్తుంది. పని అయిపోయాక ఆ మూత తీసెయ్యాలి. ఇంతే విద్య. ఆ ఆఖరి మాట నాకెవరూ చెప్పలేదని చాలా ఏళ్ళపాటు నలుగురికీ చెప్పుకున్నాను. అబద్ధం. ఉస్తాద్ చెప్పాడు. నేను అప్పుడు చార్మినార్ వైపు వెళ్తున్న ఒక ఊరేగింపు చూస్తున్నాను.

నాకు సొంతంగా అప్పగించిన మొదటి బిల్డింగు పత్తర్‌గట్టిలో హాజీ సాబ్ పెళ్ళిబట్టల దుకాణం. నాలుగంతస్తులు, అంతస్తుకి పన్నెండు చొప్పున నలభై ఎనిమిది డిటెక్టర్లు. హాజీ సాబ్ మంచి మనిషి, ఆయన దుకాణంలో కుర్చీలకి ప్లాస్టిక్ కవర్లు, క్యాలిక్యులేటర్‌కి ప్లాస్టిక్ కవరు, గోడ గడియారానికి కూడా ప్లాస్టిక్ కవరు. చూడగానే నాకు మా ఇంటికి వచ్చినట్టే అనిపించింది. రంగుల పని అయిపోయాక నేను నిచ్చెన వేసుకుని ఒక మూత మీద చెయ్యి వేశానో లేదో, కింది నుంచి హాజీ సాబ్ కేక వినిపించింది.

"అరే మియా, కైకో నికాల్‌రే? కొత్త సామాన్ ఉంది, కవర్ తీస్తరా ఎవరన్న? దుమ్ము పడదా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. (ఆ ఒక్క క్షణం ఇంకో రెండు క్షణాలు ఉండుంటే ఈ కథే లేదు.) పొగకి దారి ఎవరైనా చూపించాలా, పక్కనుంచి అదే దూరుతుంది కదా అనుకున్నాను. పైగా నారింజరంగు మూతలు తెల్లటి సీలింగ్ మీద బంతిపూలు అతికించినట్టు అందంగా ఉన్నాయి. దిగిపోయాను. అప్పగింత రోజున మా ఓనర్ సారు కింద గోడకున్న అద్దం బటన్ నొక్కితే నాలుగంతస్తుల్లోనూ హూటర్లు దద్దరిల్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. హూటర్ మోగింది బటన్ వల్ల గానీ డిటెక్టర్ల వల్ల కాదని, ఒకసారి తలెత్తి సీలింగ్ చూడాలని ఎవరికీ తట్టలేదు.

మూడు నెలలకి సర్వీసుకి వెళ్ళాను. నిచ్చెనెక్కి ఒక్కో మూతనూ తడిగుడ్డతో తుడిచాను. నలభై ఎనిమిదీ తళతళలాడాయి. ప్యానెల్ మీద పచ్చలైటు, 'సిస్టమ్ నార్మల్'. ఆ పచ్చలైటు ఫొటోలు తీసి పంపితే ఓనర్ సారు వాటిని ఆఫీసు గోడకి అంటించి, "సర్వీసంటే గిట్లుండాలె" అని ఉస్తాద్‌నే దెప్పాడు. ఊళ్ళో మేం చూసే మిగతా అన్ని బిల్డింగుల్లోనూ వారానికోసారి ఏదో ఒక దొంగ అలారం మోగి లొల్లి అయ్యేది. హాజీ సాబ్ బిల్డింగులో మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంకా గొప్ప సంగతి ఏమిటంటే, ప్రతి జుమేరాత్, అంటే గురువారం సాయంత్రం, లోబాన్ బాబా అని ఒక ముసలాయన వచ్చేవాడు. ఒక చేతిలో గొలుసుల ధూపపాత్ర, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. దుకాణానికి దిష్టి తగలకుండా నాలుగంతస్తులూ తిరిగి మనిషికి మనిషి కనబడనంత లోబాన్, అదే సాంబ్రాణి పొగ వేసి వెళ్ళేవాడు. అంత పొగలోనూ అలారం కిక్కురుమనేది కాదు.

"దేఖో, అస్లీ మాల్!" అని హాజీ సాబ్ పక్క దుకాణం వాళ్ళని పిలిచి చూపించేవాడు. "లోబాన్ ఏందో, ఆగ్ ఏందో దానికి ఎరుక. మస్తు తెలివి మిషన్."

నేను పక్కన నిలబడి వినయంగా తల వంచుకునేవాణ్ణి. మంచి పొగకీ చెడ్డ పొగకీ తేడా తెలిసిన డిటెక్టర్లు ప్రపంచంలో నేను బిగించినవే అని నిజంగా నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం సిగ్గుతో చచ్చిపోతుంది.

ట్రయల్ ఇంకో వారంలో ముగుస్తుందనగా ఓనర్ సారు పిలిచాడు. బీరువాలోంచి నీలం చొక్కా తీసి, జేబు మీద కుట్టిన నా పేరు దూరం నుంచి చూపించి, మళ్ళీ లోపల పెట్టేశాడు. "హాజీ సాబ్ దుకాణానికి ఇన్సూరెన్స్ తరఫున తనిఖీ సారు వస్తుండు, జుమేరాత్ నాడు ఐదింటికి. గాయన సంతకం పెడితే చొక్కా నీది. పొద్దుగాలే పోయి, డబ్బాతోని జర పది డిటెక్టర్లకు పొగ కొట్టి చూసుకో" అన్నాడు. ఆ తనిఖీ సారుని మావాళ్ళు గోదావరి సారు అనేవాళ్ళు. మనిషి మాట తేనె, సంతకం మాత్రం తలకిందులుగా తపస్సు చేసినా రాదని చెప్పుకునేవాళ్ళు. నాకేం ఫికర్ లేదు. తెలివి మిషన్ల దుకాణం నాది. అందుకని పొద్దుగాలే కాదు, తీరిగ్గా భోంచేసి మూడింటికి వెళ్ళాను.

మొదటి డిటెక్టర్‌కి పొగ కొట్టాను. మోగలేదు. రెండోదానికి కొట్టాను. లేదు. మూడు, నాలుగు, ఐదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు డబ్బాదే తప్పని దాన్ని బాగా కుదిపి, తొమ్మిదోదానికి మొత్తం కొట్టేశాను. చుట్టూ మంచు పట్టినట్టయింది గానీ పైన చిన్న ఎర్రలైటు కూడా వెలగలేదు. ఉస్తాద్‌కి ఫోన్ చేశాను.

"ఉస్తాద్, డబ్బా ఖరాబున్నట్టుంది. ఒక్కటి గూడ మోగుతలేదు."

"పొగ వస్తుందా?"

"మస్తొస్తుంది. మంచిగ కమ్ముకుంటుంది. మూత మీదికెళ్ళి జారిపోతుంది."

అవతల బీడీ పీల్చే చప్పుడు ఆగిపోయింది.

"దేని మీదికెళ్ళి?"

"మూత మీదికెళ్ళి."

"ఏం మూతరా?"

"గదే ఉస్తాద్, నారింజరంగుది. కొత్తగున్నప్పుడు వస్తది గదా."

ఉస్తాద్ చాలా నెమ్మదిగా, చావు కబురు అడిగేవాడిలా అడిగాడు. "బిడ్డా, ఎన్నిటికున్నయ్ మూతలు?"

"అన్నిటికి. మొన్న తుడిచిన గూడ."

ఆ తర్వాత ఉస్తాద్ నవ్వాడో, దగ్గాడో, ఫోన్ కిందపడేశాడో తెలియదు. మూడూ చేసినట్టున్నాడు. చివరికి ఊపిరి తీసుకుని, "ఆరునెలల సంది ఆ దుకాణానికి కండ్లకు గంతలు కట్టి, పైనుంచి గంతలు ఉతుకుతున్నవా? గోదావరి సారు ఎన్నింటికొస్తడు? ఐదింటికా? గట్లయితే ఇంక నాతోని ముచ్చటెందుకు, ఉరుకు!" అన్నాడు.

పెళ్ళిళ్ళ సీజన్, దుకాణం కిటకిటలాడుతోంది. ఒక అంతస్తులో షేర్వానీలు, ఒక అంతస్తులో లెహంగాలు, ప్రతి డిటెక్టర్ కిందా ఒక పెళ్ళివారి గుంపు. నిచ్చెన వేసే చోటు లేదు. బట్టల దుకాణంలో పైకొక్కేనికి వేలాడే బట్టలు దించడానికి చివర కొక్కెం ఉన్న పొడుగు కర్ర ఉంటుంది చూశారూ, దాన్ని లాక్కున్నాను. కొక్కెం మూత అంచుకి తగిలించి ఒక్క గుంజు గుంజితే ఊడుతుంది. ఊడినది ఎక్కడ పడుతుందో మాత్రం నా చేతిలో లేదు. ఒకటి పెళ్ళికూతురు తలమీద కప్పి చూసుకుంటున్న దుపట్టాలో పడింది. ఇంకొకటి ఎవరో మామూ తాగుతున్న ఇరానీ చాయ్‌లో బుడుంగుమంది. మూడో అంతస్తులో జాకెట్టు కొలతలు ఇస్తున్న ఒక నాయనమ్మ నెత్తిన టక్కున పడితే ఆమె పైకి చూసి, "మీ దుకాణం రాలిపోతుందిరో" అని కేకేసింది. హాజీ సాబ్ పరుగున వచ్చాడు.

"అరే క్యా కర్‌రే మియా! మూతలెందుకు పీకుతున్నవ్?"

"సర్వీసు హాజీ సాబ్. కడిగి మళ్ళ పెడ్త" అన్నాను. నోటికి ఏదొస్తే అది. చెమటలు కక్కుకుంటూ ఒకటి తర్వాత ఒకటి పీకి, హాజీ సాబ్ దుకాణం సంచిలోనే వేసుకుంటూ పోయాను. నలభై ఎనిమిదోది ఊడేసరికి ఐదుకి ఐదు నిమిషాలు తక్కువ. ముఖం కడుక్కుని, సంచిని నాలుగో అంతస్తు మెట్ల మలుపులో దాచి, కాగితం కార్డు సర్దుకుని, నవ్వుమొహం పెట్టుకుని కిందికి దిగాను. అన్నీ గుర్తున్నాయి నాకు. ఆ రోజు జుమేరాత్ అన్న ఒక్క సంగతి తప్ప.

గోదావరి సారు టైముకే వచ్చాడు. ప్యానెల్ ముందు కుర్చీ వేయించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, "ఏం అబ్బాయ్, పనిచేస్తాయా ఇవి? ఊరికే అలంకారానికి పెట్టారా?" అన్నాడు. "ఫస్టుక్లాసుగ చేస్తయ్ సార్" అన్నాను. ఆయన రిజిస్టర్ తెరిచి కలం మూత తీశాడు. (ఆయన మూత తియ్యడం చూసి కూడా నాకు వణుకొచ్చింది.) సరిగ్గా అప్పుడు గుమ్మంలోంచి సాంబ్రాణి వాసన వచ్చింది.

ఆపేలోగానే లోబాన్ బాబా మొదటి డిటెక్టర్ కింద ధూపపాత్ర ఊపాడు. ఆరు నెలలుగా కళ్ళుమూసుకున్న డిటెక్టర్ ఒక్కసారి కళ్ళు తెరిచింది. నాలుగంతస్తుల్లో హూటర్లు కుయ్‌మని లేచాయి. నేను ప్యానెల్ మీద చప్పుడు ఆపే బటన్ నొక్కాను. ఆగింది. బాబా రెండడుగులు వేశాడు, రెండో డిటెక్టర్ మోగింది. మళ్ళీ నొక్కాను. మూడోది. మామూలు మనిషైతే భయపడి ఆగేవాడు. బాబాకి మాత్రం ముఖం వెలిగిపోయింది.

"సుబానల్లా! నజర్ చిల్లా రహీ హై!" అని అరిచాడు. దిష్టి ఏడుస్తోందట! ఇన్నాళ్ళూ పొగ వేస్తే మూగగా ఉన్న దుకాణం ఇవాళ గొంతెత్తి ఏడుస్తోందంటే, లోపల పట్టుకున్న దిష్టి అంతా బయటికి పోతోందని ఆయన లెక్క. ఇంక ఆయన్ని ఆపతరమా? పాత్రలో ఇంకో గుప్పెడు సాంబ్రాణి వేసి, ఎక్కడ హూటర్ కూస్తే అక్కడికి ఉరికి దానికి దగ్గరగా పొగ ఊదుతూ, నెమలీకలతో కొడుతూ, "నికల్! నికల్!" అంటూ మెట్లెక్కాడు. ఆయన ఎక్కిన అంతస్తల్లా మోగింది.

జనం దిగడం మొదలుపెట్టారు. అలారంతోపాటు వచ్చే ఇంగ్లీషు ప్రకటన ఎవరికీ అర్థం కాలేదు గానీ, పొగ అందరికీ అర్థమైంది. సగం కుట్టిన షేర్వానీలో, గుండుసూదులతో పొడుచుకుంటూ ఒక పెళ్ళికొడుకు పత్తర్‌గట్టి రోడ్డు మీద చేతులు చాపి నిలబడ్డాడు. ఒక గుంపు లెహంగాలతో సహా బయటికొస్తే సేల్స్‌మెన్ ఆ లెహంగాల చివరలు పట్టుకుని వెనకే వచ్చారు. ఆటోలు ఆగాయి, బండ్లు ఆగాయి. చాయ్ దుకాణం వాడు ఇదే అదునని ట్రే నిండా చాయ్‌లు తెచ్చి జనంలో తిరిగాడు. మూడో అంతస్తు నాయనమ్మ మాత్రం, "కొలత సగం తీసి యాడికి పోతవ్‌రా?" అని దర్జీని కాలరు పట్టి కూర్చోబెట్టింది. చివరికి ఆయన టేపు ఆమె భుజం మీద అలాగే ఉంచి, ఇద్దరూ కొలుచుకుంటూనే మెట్లు దిగారు.

గోదావరి సారు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ప్యానెల్ తెర మీద ఒకటి, రెండు, మూడు అని వరుసగా పడుతున్న నంబర్లు రిజిస్టర్‌లో రాసుకుంటూ మురిసిపోతున్నాడు. "అబ్బబ్బ! వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా! నా సర్వీసులో ఇలాంటి టెస్టింగ్ చూళ్ళేదండీ. పైన ఎవరు చేస్తున్నారు?"

"లోబాన్ బాబా సార్" అన్నాను, ఏడవలేక.

"బాబా గారు ఏ కంపెనీ అండీ?"

హాజీ సాబ్‌కి ఆయన మెచ్చుకుంటున్నాడని మాత్రం అర్థమైంది. ఛాతీ విరిచి, "హర్ జుమేరాత్ చేస్తడు సార్! మా అబ్బాజాన్ జమానా సంది, ముప్పై ఏండ్లు. ఒక్క వారం గూడ నాగా లేదు" అన్నాడు. గోదావరి సారు కలం ఆపి, కళ్ళజోడు పైకి తోసి, "ముప్పై ఏళ్ళుగా ప్రతివారం స్మోక్ టెస్టా!" అని భక్తిగా రాసుకున్నాడు.

నేను గట్టెక్కాను. నిజంగా గట్టెక్కాను. హూటర్లు ఆగాయి, బాబా గెలిచిన వస్తాదులా దిగివస్తున్నాడు, సారు సంతకం పెట్టే పేజీ తిప్పుతున్నాడు, నీలం చొక్కా నా వంటి మీదికి వచ్చేసినట్టే. అప్పుడు వినబడింది. టక్. టక్ టక్. టకటకటక. పైన మెట్ల మలుపులో నేను దాచిన సంచిని దిగుతున్న బాబా కాలు తన్నింది. చాయ్‌లో పడ్డ ఒకటి తప్ప నలభై ఏడు నారింజ మూతలు నాలుగంతస్తుల మెట్లు దొర్లుకుంటూ, ఎగురుకుంటూ, తీరిగ్గా వచ్చాయి. ఆఖరిది దొర్లి దొర్లి సారు బూటుకి తగిలి, బొంగరంలా తిరిగి పడుకుంది.

సారు వంగి దాన్ని తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటి అబ్బాయ్?"

హాజీ సాబ్ పరిస్థితి చూసి ముందుకొచ్చాడు. "గవా సార్? గవి మా గాజుల డబ్బాల మూతలు. లాడ్ బజార్‌కెళ్ళి వచ్చినయ్" అన్నాడు. పాపం, నాకోసమే అన్నాడు. నేను తలూపితే అయిపోయేది. చొక్కా, బాపు డిపో, అమ్మ హ్యాంగర్ అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. కానీ అదే సమయంలో గుమ్మం బయట రోడ్డు మీద నిలబడ్డ జనం కనిపించారు. గుండుసూదుల పెళ్ళికొడుకు, దుపట్టా పిల్ల, కొలత టేపు వేలాడుతున్న నాయనమ్మ. ఇంతమంది ఆరు నెలలుగా ఈ మూతల కింద బట్టలు కొనుక్కుని పోతున్నారు. నిన్న నిజంగా నిప్పంటుకుని ఉంటే? నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. భయమే ఇటునుంచి అటు తిరిగింది.

"కాదు సార్. డిటెక్టర్ల మూతలు. ఆరు నెలల సంది తియ్యలే. ఇయాల మూడున్నరకు మొదలుపెట్టి తీసిన. తప్పు నాది" అన్నాను.

సారు చాలాసేపు మూతవంక చూశాడు. తర్వాత నావంక. "ఎందుకు తియ్యలేదు?"

"కొత్తయి గదా సార్. దుమ్ము పడతదని."

నేననుకున్న తిట్లు రాలేదు. ఆయన పెదవి వణికింది. కోపమనుకున్నాను, నవ్వు. "మా ఇంట్లో సోఫా కొని తొమ్మిదేళ్ళయిందయ్యా. వేసవిలో కూర్చుంటే చర్మం ఊడొస్తుంది. కవరు తీస్తానంటే మా ఆవిడ పుట్టింటికి పోతానంటుంది" అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, వేలు చూపించి, "సోఫా కవరుకి చర్మమే పోతుంది అబ్బాయ్. దీనికి ప్రాణాలు పోతాయి. ఇవాళ నా కళ్ళతో చూసింది రాస్తాను. నలభై ఎనిమిదీ మోగాయి. నువ్వు చెప్పింది కూడా రాస్తాను. మీ ఓనరుకి వెళుతుంది" అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "మూతలన్నీ ఏరి నాకిచ్చెయ్. నేనిటు వెళ్ళగానే మళ్ళీ తొడుగుతారు మీరు. నాకు తెలీదూ?" అన్నాడు. (హాజీ సాబ్ అప్పటికే కొక్కెం కర్ర పట్టుకుని ఉన్నాడు.) నలభై ఏడు మూతలు ఆయన స్కూటర్ డిక్కీలో చాంద్రాయణగుట్ట వైపో ఎటువైపో వెళ్ళిపోయాయి. ఒకటి చాయ్‌లో పడ్డది ఆ మామూ జేబులో పెట్టుకుని, తర్వాత తెచ్చి నాకిచ్చాడు.

చొక్కా రాలేదు. ఓనర్ సారు గోడ మీది ఫొటోలు చింపి, ట్రయల్ ఇంకో మూడు నెలలు పొడిగించి, "పోరా, మూతల ఇంజినీర్" అన్నాడు. అదే పేరు ఖాయమైంది. ఇంట్లో చెప్పినప్పుడు బాపు స్కూటర్ టవలు దులుపుకుంటూ కూర్చున్నాడు. అమ్మ బీరువాలో హ్యాంగర్ని వెనక్కి జరిపింది. అది చూడటం తిట్టించుకోవడం కన్నా కష్టంగా అనిపించింది.

ఆ మూడు నెలలూ నా మొదటి పని జుమేరాత్‌ని దారిలో పెట్టడం. కాగితం మీద 'ప్రతివారం స్మోక్ టెస్టు' అని పడిపోయింది కదా, ఇక తప్పదు. సాయంత్రం నేను వెళ్ళి, దుకాణంలో అందరికీ చెప్పి, హూటర్లు మాత్రం మోగకుండా చేసి ప్యానెల్ ముందు కూర్చునేవాణ్ణి. బాబా పొగ వేసుకుంటూ తిరిగేవాడు. ఏ డిటెక్టర్ కింద నిలబడితే దాని ఎర్రలైటు వెలగాలి. వెలగకపోతే పైనుంచి కేక వచ్చేది. "బేటా, తీస్రే మాలే పే సాత్వాఁ సో రహా హై!" మూడో అంతస్తులో ఏడోది నిద్రపోతోందని. వెళ్ళి చూస్తే నిజంగానే లోపల దుమ్ము పట్టి ఉండేది. స్ప్రే డబ్బా కాదు, ఉస్తాద్ బీడీ కాదు, నేను చూసినవాళ్ళలో బాబాని మించిన టెస్టర్ లేడు. పని అయ్యాక హూటర్లను మళ్ళీ కలిపి, రెండుసార్లు చూసుకుని గానీ గుమ్మం దాటేవాణ్ణి కాదు.

అలా రెండు నెలలు గడిచాక ఒకరోజు మధ్యాహ్నం హూటర్లు మోగాయి. దుకాణంలో ఎవరూ కదల్లేదట. "బాబా వచ్చినట్టుండు, హూటర్లు బందు చేసుడు మర్చినట్టున్నరు" అని సేల్స్‌మెన్ బట్టలు చూపిస్తూనే ఉన్నారట. హాజీ సాబ్ ఒక్కడే క్యాలెండర్ వంక చూసి, "అరే! ఆజ్ జుమేరాత్ నహీఁ, మంగళ్ హై!" అని గావుకేక పెట్టి, అందరినీ కిందికి తరిమి, తను పైకి ఉరికాడు. నాలుగో అంతస్తులో ఇస్త్రీ పెట్టె ఒక షేర్వానీ మీద మరిచిపోయి ఉంది. బట్ట కాలి, బల్ల అంటుకోబోతోంది. గోడకున్న మంటలార్పే సిలిండర్ తీసి ఆయనే కొట్టాడు. ఒక షేర్వానీ, సగం బల్ల పోయాయి. మనుషులెవరికీ వెంట్రుక కూడా కాలలేదు.

నేను చేరేసరికి హాజీ సాబ్ మసిముఖంతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాసేపటికి, "మూత ఉంటే?" అన్నాడు. ఇద్దరికీ తెలుసు. ఆయన లేచి వెళ్ళి ముందు గోడ గడియారం ప్లాస్టిక్ చించాడు, తర్వాత క్యాలిక్యులేటర్‌ది, తర్వాత కుర్చీలవి. తర్వాత మా ఓనర్ సారుకి ఫోన్ చేశాడు.

రెండు రోజులకి నీలం చొక్కా నా చేతికొచ్చింది. జేబు మీద నా పేరు, పైన తళతళలాడే పారదర్శక కవరు. ఇంటికి తీసుకెళ్తే అమ్మ రెండు చేతులా అందుకుని, కళ్ళు తుడుచుకుని, బీరువా తీసి, కవరుతో సహా హ్యాంగర్‌కి తగిలించింది. "మంచి రోజు చూసి వేసుకుందువు బిడ్డా. కొత్తది, గిప్పుడే కవర్ తియ్యకు."

నేను బీరువా దాకా వెళ్ళి, చొక్కా తీసి, అక్కడే నిలబడి కవరు చర్రున చించాను. మా ఇంట్లో ఆ చప్పుడు అదే మొదటిసారి. అమ్మ "అయ్యో!" అని నోటిమీద చెయ్యి వేసుకుంది. బాపు నన్నొకసారి చూశాడు, తన స్కూటర్ వంక ఒకసారి చూశాడు, బయటికెళ్ళి సీటు మీది టవలు తీసి మడతపెట్టాడు. (కవరు మాత్రం ఉంచాడు. మనిషి ఒక్కరోజులో ఎంతని మారతాడు?)

ఇప్పుడు నా కింద పదిమంది టెక్నీషియన్లు పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాడికి నేను చెప్పే మొదటి మాట మూతల గురించే. వాడు కిటికీలోంచి ఊరేగింపులేమైనా చూస్తున్నాడేమోనని రెండుసార్లు అడుగుతాను కూడా. చాయ్‌లో పడ్డ ఆ నారింజ మూత నా బల్ల మీద గుండుసూదుల గిన్నెగా ఉంది. ఎవరైనా ఇదేంటని అడిగితే ఈ కథ చెబుతాను, కడుపుబ్బా నవ్వుతారు. మొన్న అలాగే చెబుతుంటే, కొత్తగా చేరిన అమ్మాయి నవ్వడం ఆపి నా చేతిలోని ఫోన్ వంక చూస్తూ, "సార్, మీ ఫోన్ స్క్రీన్ మీద కంపెనీ ప్లాస్టిక్ ఇంకా తియ్యలేదు గదా?" అంది.

కొని ఎనిమిది నెలలయింది. అంచులు కొంచెం లేచాయి. తీసేద్దామని గోరు పెట్టి, ఎందుకో మళ్ళీ బొటనవేలితో మెల్లగా అదిమి అంటించుకున్నాను.